టాబర్డ్ పబ్ ఓనరు పేరు మనకెలా తెలిసింది?

పబ్ అనగానే మనలో సగం మందికి జూబ్లీహిల్స్ గుర్తొస్తుంది. గేటు దగ్గర బౌన్సర్, చేతి మీద స్టాంపు, పక్కవాడి మాట వినపడని డీజే, ‘స్టాగ్ ఎంట్రీ లేదు’ అనే మాట. పబ్ అంటే పబ్లిక్ హౌస్‌కి పొట్టిపేరు. మన భాషలో చెప్పుకుంటే అందరిల్లు. అందరిల్లని పేరు పెట్టుకుని తలుపు దగ్గరే మనుషుల్ని ఏరే చోటు గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. నేను రాస్తున్నది లండన్‌లో ఐదున్నర శతాబ్దాల పైన నడిచి, 1870లలో నేలమట్టమైన టాబర్డ్ అనే సత్రం గురించి. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే దాన్ని నడిపిన మనుషుల గురించి.

ముందు ఒక చిన్న వివరణ. అప్పటి ఇంగ్లండులో తాగే చోట్లు మూడు రకాలు. ఏల్‌హౌస్‌లో బీరు లాంటి ఏల్ మాత్రమే దొరికేది. టావెర్న్‌లో వైన్ దొరికేది. ఇన్‌లో తాగడంతో పాటు తిండి, పడక, గుర్రానికి గడ్డి కూడా దొరికేవి. తర్వాతి కాలంలో ఈ మూడూ కలిసి పబ్ అనే ఒక్క మాటలోకి వచ్చేశాయి. టాబర్డ్ మూడో రకం. సత్రం అంటే మనకి ఉచితంగా ఉండే చోటనే అర్థం కూడా ఉంది కాబట్టి ఆ మాట ఇక్కడ పూర్తిగా అతకదు. కానీ అంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

అది ఉన్న చోటు చూస్తే ఎవరో బాగా లెక్కేసి కట్టారని అర్థమవుతుంది. థేమ్స్ నది మీద 1209లో పూర్తయిన రాతి వంతెన ఉండేది. అప్పట్లో లండన్ నగరానికి అదొక్కటే వంతెన. రాత్రయితే వంతెన గేట్లు మూసేసేవాళ్ళు. దక్షిణం నుంచి ఆలస్యంగా వచ్చినవాడు నది ఇవతలే, సదర్క్ అనే పేటలో ఆగిపోవాలి. తెల్లవారుజామునే దక్షిణానికి బయల్దేరాలనుకునేవాడు ముందురోజు సాయంత్రమే వంతెన దాటి వచ్చి అక్కడే పడుకోవాలి. వెళ్ళేవాడూ వచ్చేవాడూ ఇద్దరూ ఆగక తప్పని చోటు! మన కాజీపేట జంక్షన్ చుట్టూ ఇన్ని లాడ్జీలు ఎందుకున్నాయో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైగా సదర్క్‌లో లండన్ నగర పాలకుల మాట పూర్తిగా చెల్లేది కాదు. అందుకే తాగుడు, నాటకాలు, ఎలుగుబంటి పందేలు, జైళ్ళు అన్నీ అక్కడే పోగయ్యాయి.

1307లో వించెస్టర్ దగ్గరి హైడ్ మఠం అధిపతి అక్కడ స్థలం కొని, తను లండన్ వచ్చినప్పుడు దిగడానికి ఒక ఇల్లు, దాని పక్కనే యాత్రికుల కోసం ఒక సత్రం కట్టించాడు. టాబర్డ్ అంటే చేతుల్లేని పైకోటు. రాజుగారి చాటింపు మనుషులు వేసుకునేది. దాని బొమ్మే బోర్డు. చదువు రాని జనానికి బోర్డు మీద అక్షరాలకంటే బొమ్మే దారి చూపించేది.

ఇక అసలు మనిషి. జెఫ్రీ చాసర్ అని ఒక ప్రభుత్వోద్యోగి ఉండేవాడు. లండన్ రేవులో ఉన్ని ఎగుమతుల మీద సుంకం లెక్కలు చూడటం 1374 నుంచి పన్నెండేళ్ళపాటు అతని ఉద్యోగం. పగలంతా లెక్కలు, ఇంటికొచ్చాక కవిత్వం. (బ్రాంచి ఏదైనా రాయడానికి టైమ్ దొరకట్లేదనే మన క్లబ్ మెంబర్లు ఇది గమనించగలరు.) అతను 1387 ప్రాంతంలో మొదలుపెట్టిన ‘కాంటర్బరీ టేల్స్’ ఈ టాబర్డ్‌లోనే మొదలవుతుంది. 1170లో హత్యకు గురైన థామస్ బెకెట్ సమాధి చూడటానికి కాంటర్బరీ వెళ్తున్న యాత్రికులు ఒక రాత్రి అక్కడ కలుస్తారు. యుద్ధవీరుడు, పిండిమర వాడు, సన్యాసిని, వంటవాడు, ఐదు పెళ్ళిళ్ళు చేసుకున్న ఆవిడ, అప్పుల్లో ఉన్న వ్యాపారి. ఒకే బల్ల, ఒకే భోజనం.

వాళ్ళని కలిపినవాడు సత్రం ఓనరు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, మొహమాటం లేని మాట. భోజనాలయ్యాక, బిల్లులు కట్టాక (ఇది చాసర్ మర్చిపోకుండా చెప్పాడు) లేచి ఒక ఐడియా ఇస్తాడు. దారి పొడుగునా ఒక్కొక్కరూ వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు కథలు చెప్పాలి. ఎవరి కథ బాగుంటే వాళ్ళకి తిరిగొచ్చాక మిగతా అందరూ కలిసి విందు ఇవ్వాలి. విందెక్కడ? ఇంకెక్కడ, టాబర్డ్‌లోనే! ముప్ఫై మంది కస్టమర్లకి తిరుగు బుకింగ్ ఒక్క స్పీచ్‌తో చేసేశాడు. మన ఈ-సెల్ వాళ్ళు గెస్ట్ లెక్చర్ కోసం వెతుక్కుంటున్నారు గానీ ఇంతకంటే మంచి బిజినెస్ ప్లాన్ నేను చూడలేదు. పైగా తనే జడ్జి, తనే గైడు. దారంతా తగాదాలు తీర్చేది, తాగి మాట్లాడేవాళ్ళని కూర్చోబెట్టేది, బోరు కొట్టే కథని మధ్యలో ఆపేసేది అతనే. చాసర్ తనని తానే ఒక యాత్రికుడిగా పెట్టుకున్నాడు, అతను చెప్పే కథని కూడా ఈ ఓనరు మధ్యలో ఆపేస్తాడు. ఆ పుస్తకం పూర్తి కాలేదు. ఇరవై నాలుగు కథల దగ్గర ఆగిపోయింది. యాత్రికులు తిరిగి సత్రానికి రానే లేదు. ఆ విందు ఇప్పటికీ బాకీ.

ఈ ఓనరు పేరు పుస్తకంలో చాలా దూరం దాకా తెలీదు. వంటవాడు ఒకచోట అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు: హ్యారీ బెయిలీ. కల్పన అనుకుని వదిలేద్దామంటే 1380-81 నాటి పన్ను జాబితా అడ్డొస్తుంది. సదర్క్ పద్దులో హెన్రీ బేలిఫ్, సత్రం యజమాని, అతని భార్య క్రిస్టియన్, ఇద్దరికీ కలిపి 2 షిల్లింగులు అని రాసుంది. తలకి ఒక షిల్లింగు చొప్పున వేసిన పన్ను అది. ఆ పన్ను మీద కోపంతోనే 1381 జూన్‌లో రైతులు తిరగబడి, ఇదే సదర్క్ మీదుగా, ఇదే వంతెన దాటి లండన్‌లోకి దూసుకుపోయారు. ఈ హెన్రీ 1370లలో రెండుసార్లు సదర్క్ తరఫున పార్లమెంటుకి కూడా వెళ్ళాడు. పన్ను పద్దు అతను సత్రం నడిపాడని మాత్రమే చెప్తుంది. అది టాబర్డే అన్నది చాసర్ మాట. సుంకం లెక్కలు చూసే మనిషి, పక్క పేటలోని ఒక ఎంపీ పేరుని అంత పబ్లిగ్గా తప్పుగా వాడతాడని నేననుకోను.

నాకు వాళ్ళావిడ సంగతి ఇంకా ఆసక్తిగా అనిపించింది. పుస్తకంలో ఓనరు ఆమెని గుడిలీఫ్ అంటాడు. పనివాళ్ళని తను కొడుతుంటే ఇంకా పెద్ద కర్రలు తెచ్చిస్తుందనీ, చర్చిలో ఎవరైనా తనకి వంగి దణ్ణం పెట్టకపోతే ఇంటికొచ్చి తనని తిడుతుందనీ చెప్పుకుని బాధపడతాడు. అందరూ నవ్వుతారు. అంతే, ఆమె పాత్ర అయిపోయింది. మొగుడు నెలల తరబడి పార్లమెంటుకో, కాంటర్బరీకో పోతే ఆ సత్రంలో పొద్దున్నే పొయ్యి వెలిగించి, ఏల్ పీపాలు లెక్కబెట్టి, దుప్పట్లు ఉతికించి, బాకీలు వసూలు చేసింది ఎవరు? కవి ఆమెకి ఒక జోకు ఇచ్చాడు. పన్ను గుమాస్తా ఆమెకి పేరు ఇచ్చాడు. సాహిత్యం చదివేవాడిగా ఇది ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో గుమాస్తాకే నా ఓటు.

అప్పటి చట్టం గురించి కూడా ఒక మాట. ఇంగ్లండు ఆచార న్యాయం ప్రకారం ఇన్ నడిపేవాడు దారిన పోయే మనిషిని కాదనకూడదు. గది ఖాళీ ఉండి, వచ్చినవాడు డబ్బిచ్చేవాడై, మర్యాదగా ఉంటే చాలు. లోపల వస్తువు పోతే ఓనరే కట్టాలి. 1584లో దీని మీద ఒక పేరున్న కేసు నడిచింది. ఒకతను తన గుర్రాన్ని మేతకి బయటికి పంపమన్నాడు, అక్కడ అది దొంగల పాలైంది. కోర్టు ఏమందంటే: సత్రం లోపల పోతే ఓనరు బాధ్యత, నువ్వే బయటికి పంపమన్నావు కాబట్టి ఇది నీ బాధ్యత అని. మన హాస్టల్ నోటీసు బోర్డులో ‘విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అనే వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ గుర్రం గుర్తొస్తుంది. స్టాగ్ ఎంట్రీ సంగతి సరేసరి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1538లో ఎనిమిదో హెన్రీ మఠాలు రద్దు చేసినప్పుడు హైడ్ మఠం మూతపడింది. సత్రం ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 1598లో జాన్ స్టో లండన్ వీధుల గురించి రాస్తూ సదర్క్‌లోని సత్రాల్లో టాబర్డే పురాతనమైందన్నాడు. 1666లో లండన్ తగలబడిన సంగతి అందరికీ తెలుసు. పదేళ్ళకి, 1676లో, సదర్క్ కూడా తగలబడింది. వందల ఇళ్ళతో పాటు చాసర్ చూసిన టాబర్డ్ బూడిదయింది. మళ్ళీ కట్టారు గానీ బోర్డు మీద కోటు పోయి టాల్బట్ అనే జాతి వేటకుక్క వచ్చింది. జాన్ ఆబ్రీ అనే పండితుడు, ఇంటి ఓనరో అద్దెకున్నవాడో తెలివిలేక ఈ పని చేశాడని విసుక్కున్నాడు. తర్వాత ఎవరికో బుద్ధొచ్చి, 1383లో సర్ జెఫ్రీ చాసరూ ఇరవై తొమ్మిది మంది యాత్రికులూ బస చేసిన సత్రం ఇదే అని ఒక దూలం మీద రాయించారు. చాసర్ సర్ కాదు, ఆ ఏడాది కూడా ఊహే. అయినా పబ్లిసిటీ పబ్లిసిటీయే.

గుర్రబ్బళ్ళ కాలంలో సదర్క్ వీధి పండగలా ఉండేది. వరసగా సత్రాలు: వైట్ హార్ట్, జార్జ్, క్వీన్స్ హెడ్, కింగ్స్ హెడ్. ఒక్కోదానికి ముందు సన్నటి దారి, లోపల పెద్ద వాకిలి, చుట్టూ చెక్క వసారాలు. 1836లో లండన్ బ్రిడ్జ్ రైల్వే స్టేషన్ అదే వీధి చివర తెరుచుకుంది. మూడు రోజుల బండి ప్రయాణం కొన్ని గంటలైపోతే మధ్యలో పడుకునేదెవరు? సత్రాలు ఒక్కరోజులో మూతపడలేదు. ముందు గుర్రాల సాలలు ఖాళీ అయ్యాయి, తర్వాత గదులు గోడౌన్లయ్యాయి, వాకిట్లో పార్సిళ్ళు దిగాయి. చివరికి మిగిలింది తాగే గది ఒక్కటే. 1870లలో టాబర్డ్‌ని కూల్చేశారు. పాత కట్టడాల రక్షణకి విలియం మారిస్ పెట్టిన సంఘం 1877లో వచ్చింది, మొదటి పురాతన కట్టడాల చట్టం 1882లో వచ్చింది. రెండూ ఆ సత్రానికి అందలేదు. డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’లో శామ్ వెల్లర్ బూట్లు తుడుస్తూ మొదటిసారి కనిపించే వైట్ హార్ట్‌ని కూడా 1889లో పడగొట్టారు. ఒక్క జార్జ్ మిగిలింది. అది కూడా మూడు వైపుల్లో ఒక్క వైపు. మిగతా రెండు వైపులూ రైల్వే కంపెనీయే గోడౌన్ల కోసం కూల్చింది. 1937 నుంచి నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది, ఇప్పటికీ అక్కడ బీరు పోస్తారు.

క్వీన్స్ హెడ్ గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను, జీఆర్‌ఈ రాసేవాళ్ళ కోసం. సదర్క్‌లో ఒక మాంసం కొట్టు అతని కొడుకు జాన్ హార్వర్డ్. ప్లేగు ఇంట్లో చాలామందిని తీసుకుపోయింది. క్వీన్స్ హెడ్ సత్రం తల్లి నుంచి అతనికి వచ్చింది. అమెరికా వెళ్ళి 1638లో చనిపోతూ తన ఆస్తిలో సగం, తన పుస్తకాలన్నీ ఒక కొత్త కాలేజీకి రాసిచ్చాడు. ఆ కాలేజీ ఏదో అతని ఇంటిపేరే చెప్తోంది. ఆ ఆస్తిలో ఒక పబ్ డబ్బు కూడా ఉంది.

టాబర్డ్ ఉన్న చోట ఇప్పుడు టాల్బట్ యార్డ్ అనే సందు ఉంది. 2003లో అక్కడ ఒక నీలం ఫలకం పెట్టారు. మాంటీ పైథాన్ టెరీ జోన్స్ ఆవిష్కరించాడు. అతను చాసర్ మీద పుస్తకం రాసిన మనిషి కూడా. బాగానే ఉంది. అయితే ఫలకాలు ఎప్పుడూ కవి వచ్చిపోయిన రాత్రిని గుర్తుంచుకుంటాయి. మిగతా రెండు లక్షల పైచిలుకు రాత్రులు ఆ సత్రాన్ని ఎవరు తెరిచి ఉంచారో వాటికి పట్టదు.

ఇక్కడివరకూ చదివి “మనకెందుకు ఈ లండన్ గోల?” అనుకునేవాళ్ళకి: మన ఊళ్ళోనే, దాదాపు అదే కాలానికి అటూ ఇటూగా, అచ్చం ఇలాంటిదే ఒక కావ్యం ఉంది. ‘క్రీడాభిరామం’. వినుకొండ వల్లభరాయుడిదా శ్రీనాథుడిదా అని పండితులు కొట్టుకుంటారు, ఆ గొడవ వదిలేద్దాం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో పొద్దంతా తిరుగుతారు. మనం ఆదివారం ఖిలా వరంగల్‌లో తిరిగినట్టే, కాకపోతే వాళ్ళకి ఊరు నిండా మనుషులున్నారు. ఆకలేసినప్పుడు పూటకూళ్ళ ఇల్లు వస్తుంది. మెనూ మొత్తం ఒక్క పద్యంలో ఉంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, పెరుగు. ధర ఒక రూక. నడిపేది లక్ష్మణవజ్ఝల. మెనూ, ధర, ఓనరు పేరు: ఇప్పటి ఫుడ్ యాప్‌లో కూడా మూడోది ఉండదు. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాస్తూ రాజుల శాసనాలకంటే ఇలాంటి పద్యాల మీదే ఎందుకు ఆధారపడ్డారో ఈ ఒక్కదానితో అర్థమవుతుంది. కోటలో కాకతీయుల తోరణాలు నాలుగూ నిలబడే ఉన్నాయి. లక్ష్మణవజ్ఝల పొయ్యి ఎక్కడుండేదో చూపించే రాయి మాత్రం ఒక్కటీ లేదు.

ఆ పూటకూళ్ళ ఇంటి పంక్తిలో ఎవరికి చోటుండేదో, ఎవరికి ఉండేది కాదో మనకి తెలిసిన సమాజమే చెప్తుంది. టాబర్డ్ బల్ల దగ్గర పిండిమర వాడూ యుద్ధవీరుడూ కలిసి కూర్చున్నారు. మన దగ్గర అలాంటి బల్ల రావడానికి చాలా శతాబ్దాలు పట్టింది. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళు ఆ పని చేశాయని నా అభిప్రాయం. పాలరాతి బల్ల, చెక్క కుర్చీ, ఒక చాయ్, ఎవడు ఎవడి పక్కన కూర్చున్నాడో అడిగేవాడు లేడు. ఇప్పుడు అవి కూడా ఒక్కోటీ బట్టల షోరూములు అవుతున్నాయి.

గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ గుర్తుంది కదా. గిరీశం ఆమె డబ్బు తిని ఎగ్గొడతాడు, ఆమె చీపురు పట్టుకుని వస్తుంది. మన సాహిత్యంలో అంతకంటే బతికున్న హోటల్ ఓనరు లేదు. నాటకం మొత్తంలో ఆమెకి పేరు లేదు. వృత్తే పేరు. హ్యారీ బెయిలీకి పేరుంది, లక్ష్మణవజ్ఝలకి పేరుంది, క్రిస్టియన్ పేరు పన్ను పద్దులో ఉంది. పూటకూళ్ళమ్మ పూటకూళ్ళమ్మగానే ఉండిపోయింది.

ఇప్పుడు మన గేటు సంగతి. మెయిన్ గేటుకి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ని మనందరం కాక హోటల్ అంటాం. ఆయన్ని కాక అంటాం, వాళ్ళావిడని చిన్నమ్మ అంటాం. సబ్జెక్టు పోయినవాడూ ప్లేస్‌మెంట్ వచ్చినవాడూ ఒకే బెంచీ మీద కూర్చునే చోటు ఈ కాలేజీ చుట్టుపక్కల అదొక్కటే. ఫస్టియర్‌కి సీనియర్ భయం పోయేది అక్కడే. పరీక్షల రాత్రి రెండింటికి కూడా స్టవ్ మీద గిన్నె ఉంటుంది. బాకీల నోటుబుక్కులో మన పేర్లన్నీ బ్రాంచితో సహా ఉన్నాయి. మన పేర్లు ఆయన పుస్తకంలో ఉన్నాయి గానీ ఆయన పేరు మన ఎవరి ఫోన్లోనూ లేదు. ఫోన్‌పే స్కాన్ చేస్తే కూడా కొడుకు పేరే వస్తుంది.

పోయిన నెల రోడ్డు వెడల్పు కోసం ఆ వరసంతా ఎర్ర పెయింటు గీతలు పడ్డాయి. కాక రేకుల గోడ మీద కూడా ఒక అడ్డగీత, పక్కన ఒక నంబరు.

దీని గురించి క్లబ్‌లో మాట్లాడుకుంటే రకరకాల మాటలు వచ్చాయి. “రోడ్డు వద్దా మరి? రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునేది మనమే” అని ఒకడు. నిజమే, నేను రోడ్డు వద్దనట్లేదు. టాబర్డ్ కోసం రైలు ఆపాల్సిందని కూడా అనను. “చాయ్ బండికి హెరిటేజ్ ఏందిరా?” అని ఇంకొకడు నవ్వాడు. నేను హెరిటేజ్ అనలేదు. నేనడిగేది అంతకంటే చిన్నది: ఆయన పేరు ఎక్కడైనా రాసుందా?

ఇది సెంటిమెంటు ప్రశ్న కాదు, చట్టం ప్రశ్న. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం ఊళ్ళో వీధి వ్యాపారులందర్నీ సర్వే చేయాలి, కనీసం ఐదేళ్ళకోసారి. సర్వేలో దొరికినవాళ్ళకి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపేయకూడదు. తర్వాత కూడా తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే జాబితాలో పేరున్నవాడు వ్యాపారి. పేరు లేనివాడు ఆక్రమణ. 1381లో పేరు రాసుకుంటే పన్ను పడింది, జనం తిరగబడ్డారు. ఇప్పుడు పేరు రాసుకోకపోతేనే నష్టం.

మేమిద్దరం వెళ్ళి కాకని అడిగాం. మ్యాగజైన్‌లో మీ గురించి రాస్తాం, పేరు, ఊరు, ఎప్పుడొచ్చారు, మొదటి రోజు చాయ్ ఎంత, అన్నీ చెప్పండి అని. ఆయన గ్లాసులు కడుగుతూనే విన్నాడు. సర్వేకి వచ్చిన రోజు ఊళ్ళో పెళ్ళికి పోయాడట, తాళం వేసుందని వాళ్ళు రాసుకోకుండా పోయారట. తర్వాత రెండుసార్లు ఆఫీసుకి తిరిగితే మళ్ళీ సర్వే వస్తుంది అప్పుడు చూద్దాం అన్నారట. అదంతా మామూలుగానే చెప్పాడు. చివర్లో మాత్రం, “మీ పుస్తకంల నా పేరు ఎందుకు బిడ్డా? ఆళ్ళ లిస్టుల రాపియ్యి, సాలు” అన్నాడు. చిన్నమ్మ లోపల్నుంచి, “ఆయన పేరొక్కటే కాదు, నా పేరు గుడ రాపియ్యి. పొద్దుగాల నాలుగ్గొట్టంగ షటరు తీసేది నేను” అంది.

అందుకే వాళ్ళ పేర్లు ఈ వ్యాసంలో లేవు. మా దగ్గర ఉన్నాయి, ఇద్దరివీ, దరఖాస్తులో. దానికి ఇప్పుడు ఆధారాలు కావాలి. హోటల్ అక్కడ ఏళ్ళుగా నడుస్తోందని చూపించేది ఏదైనా పనికొస్తుంది. 1875లో లండన్‌లో పాత సత్రం ఒకటి కూల్చేస్తున్నారని తెలిసి కొందరు ఒక సంఘం పెట్టుకుని దాని వాకిలి, వసారాలు ఫోటోలు తీయించారు. ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే ఆ సత్రం పోయింది, ఫోటోలు ఉన్నాయి. వాళ్ళు పెద్ద కెమెరాలు మోసుకొచ్చి తీయించాల్సి వచ్చింది. మనం ఆల్రెడీ తీసేశాం, బర్త్‌డే కేకు మొహానికి పూసిన ఫోటోల్లో, ఫేర్‌వెల్ గ్రూప్ ఫోటోల్లో, ‘చాయ్ అండ్ వైబ్స్’ స్టోరీల్లో వెనకాల ఆ నీలం రేకులు ఎన్నోసార్లు పడ్డాయి.

కాబట్టి గ్యాలరీ ఒకసారి వెనక్కి తిప్పండి. చాయ్ గ్లాసు ఒక్కటే ఉన్నది పనికిరాదు, రేకుల గోడో, పెయింటు బోర్డో, కాకో చిన్నమ్మో కనిపించాలి. తేదీ తెలిసే ఫైలే పంపండి, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే తేదీ పోతుంది, మెయిల్ చేయండి. మీ సీనియర్లకి, వాళ్ళ సీనియర్లకి కూడా చెప్పండి. ముఖ్యంగా 2014కి ముందు పాసైన అన్నలు, అక్కల దగ్గర ఏదైనా ఉంటే చాలా మంచిది. దరఖాస్తు ఇవ్వడానికి వచ్చే సోమవారం పది గంటలకి వెళ్తున్నాం. తొమ్మిదిన్నరకి హోటల్ దగ్గర కలుద్దాం, రెండో పీరియడ్ లోపు వచ్చేస్తాం.